క్లెయిమ్ కొట్టేశారు. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే పని జరుగుతుందా?

గోదారి_గట్టు | 9 సెప్టెంబరు 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారమండీ. మాది భీమవరం, ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఆగస్టు మొదట్లో నాన్నకి (64 ఏళ్లు) గుండె నొప్పొస్తే ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. స్టెంట్ వేశారు. బిల్లు 3,86,400 అయింది. ఆరోగ్య బీమా నాన్న పేరు మీదే ఉంది, 11 మార్చి 2021న తీసుకున్నది. ఒక్క ఏడాది కూడా ప్రీమియం ఆలస్యం చేయలేదు. క్యాష్‌లెస్ ఇవ్వం, కుదరదు అన్నారు. అప్పోసప్పో చేసి కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్‌కి పెట్టాం. 22 ఆగస్టున ఉత్తరం వచ్చింది. పాలసీకి ముందే బీపీ ఉన్న సంగతి దాచారు కాబట్టి క్లెయిమ్ ఇవ్వం అని.

నాన్నకి బీపీ అని తేలిందే 2022లో. మరి వాళ్ల ఆధారం ఏంటయ్యా అంటే డిశ్చార్జ్ సమ్మరీలో ఒకే ఒక్క లైను. "హైపర్‌టెన్షన్, 10 ఇయర్స్" అని. ఆ పది ఎక్కణ్ణుంచి ఊడిపడిందో మాకే తెలీదు.

కస్టమర్ కేర్‌కి పదకొండుసార్లు ఫోన్ చేశాను. చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, కథ మళ్లీ మొదటినుంచి. ట్విట్టర్లో ట్యాగ్ చేస్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నారు. ఇప్పుడు వరసకి బావయ్యే ఒకాయన, తెలిసిన కన్సల్టెంట్ ఉన్నాడు, బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గర పని చేయించి పెడతాడు, వచ్చినదాంట్లో పన్నెండు శాతం ఇవ్వమంటున్నాడు. ఎవరైనా వెళ్లినవాళ్లున్నారా ఇక్కడ?

చిల్లర_శ్రీను | 9 సెప్టెంబరు, రాత్రి 11:05

అన్నా, ఆ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఖర్చులు భరించేది ఎవరనుకున్నావ్? బీమా కంపెనీలే. జీతమిచ్చేవాడి మీద తీర్పు ఇస్తాడా? పిల్లికి ఎలుక సాక్ష్యం. ఆ పన్నెండు శాతం కూడా దండగే, వదిలేయ్.

పాలసీ_పిన్ని | 10 సెప్టెంబరు, ఉదయం 6:20

బాబూ గోదారి గట్టూ, ముందు నీ బావకి ఒక దణ్ణం పెట్టి పంపించెయ్. బీమా అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదుకి ఒక్క రూపాయి ఫీజు లేదు. పైగా లాయర్లూ ఏజెంట్లూ మన తరఫున వాదించడానికే వీల్లేదు. ఆ కన్సల్టెంటు చేసేదల్లా నువ్వు చెప్పిందే ఇంగ్లిషులో టైపు చేసి నీ చేత సంతకం పెట్టించుకోవడం. ఆపాటి ఇంగ్లిషు నీకు రాదా?

నేను బీమా ఆఫీసులో క్లెయిముల సీటులో ముప్ఫై ఏళ్లు కూర్చుని రిటైరైన మనిషిని. అవతలి పక్కన కూర్చున్న దాన్ని కాబట్టి చెబుతున్నాను, నువ్వు ఇంతవరకూ ఫిర్యాదే చెయ్యలేదు. ఆ పదకొండు ఫోన్లూ, ట్విట్టరూ ఏవీ లెక్కలోకి రావు. ప్రతి కంపెనీలో గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసరని ఒకరుంటారు, జీఆర్వో అంటాం. ఆయన ఈమెయిల్ మీ పాలసీ కాగితాల చివర్లో ఉంటుంది. ఆయనకి రాతపూర్వకంగా పంపు. రెండు వారాల్లో వాళ్లు తేల్చాలి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోయినా, వచ్చిన జవాబు నీకు నచ్చకపోయినా, అప్పుడు అంబుడ్స్‌మన్ గుమ్మం ఎక్కొచ్చు. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాది లోపల ఎక్కాలి. ఈ మొదటి మెట్టు ఎక్కకుండా వెళ్తే ఆఫీసు వాళ్లు అక్కణ్ణుంచే తిప్పి పంపుతారు. నేను చూసినవాటిలో చాలామంది పోగొట్టుకున్నది ఇక్కడే. కేసు ఓడి కాదు, ఫోన్లు చేసుకుంటూ కూర్చుని.

శ్రీనూ, ఖర్చు కంపెనీలది అన్నమాట నిజమే, కాదనను. కానీ ఇంకో సంగతి చెప్పలేదు నువ్వు. ఆయనిచ్చిన అవార్డుకి, అంటే తీర్పుకి, కంపెనీ కట్టుబడాలి, మనం కట్టుబడక్కర్లేదు. నచ్చకపోతే మనం వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. పిల్లీ ఎలకా అన్నావు గానీ, ఇక్కడ గంట కట్టింది పిల్లి మెడకే.

నల్లకోటు | 10 సెప్టెంబరు, ఉదయం 9:48

పిన్నిగారు చెప్పింది సరైనదే. ఒక చిన్న సవరణ. కంపెనీ కట్టుబడాలి గానీ హైకోర్టులో రిట్ వేసుకునే దారి దానికీ ఉంది, వేసిన సందర్భాలూ ఉన్నాయి. నాలుగు లక్షల లోపు క్లెయిమ్ మీద ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరనుకోండి.

నన్నడిగితే సూటిగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లమంటాను. 2019 చట్టం కింద 5 లక్షల లోపు అయితే అక్కడా ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది. మానసిక వేదనకి, ఖర్చులకి పరిహారం అడగొచ్చు. బీమా అంబుడ్స్‌మన్ అది ఇవ్వలేరు, జరిగిన నష్టం మేరకే ఇస్తారు, గరిష్ఠంగా 50 లక్షలు. రెండు పడవల మీదా కాళ్లు పెట్టడం మాత్రం కుదరదు. కమిషన్‌లో కేసుండగా అంబుడ్స్‌మన్ తీసుకోరు.

పాలసీ_పిన్ని | 10 సెప్టెంబరు, ఉదయం 10:15

లాయరు గారూ, మీ వాయిదాలు కూడా చెప్పండి మరి. అంబుడ్స్‌మన్ కాగితాలన్నీ అందాక మూడు నెలల్లో అవార్డివ్వాలి. ముందు అక్కడికెళ్లి, కాదంటే మీ దగ్గరికొస్తాడు. పై దారి మూసుకుపోదు కదా.

నల్లకోటు | 10 సెప్టెంబరు, ఉదయం 10:31

మూసుకుపోదు. వాయిదాల మాట దగ్గర నేను మౌనం :)

బాలు_బైక్ | 10 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:10

అన్నా మధ్యల వచ్చి అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. అంబుడ్స్‌మన్ అంటే లోకాయుక్తనేనా? నాది కరెంటు బిల్లు లొల్లి. నాల్గు నెలలు ఇల్లు తాళమేసి ఉండె. వచ్చి చూస్తే 23,870 బిల్లు. మీటరు స్లో తిరిగిందంట, పాత బాకీ కలిపిండ్రంట. లోకాయుక్తకు రాయాల్నా?

రచ్చబండ_పెద్ద (నిర్వాహకుడు) | 10 సెప్టెంబరు, మధ్యాహ్నం 2:02

బాలు, చుట్టాలే గానీ ఒకరు కాదు. ఈ మాట పుట్టింది స్వీడన్‌లో. 1809 రాజ్యాంగంలో, అధికారులు చట్టం ప్రకారం నడుస్తున్నారో లేదో చూడ్డానికి పార్లమెంటు తరఫున ఒకరిని పెట్టారు. అంబుడ్స్‌మన్ అంటే ఇంకొకరి తరఫున పని చూసేవాడని అర్థం. మన దేశంలో 1966లో పరిపాలనా సంస్కరణల కమిషన్, కేంద్రంలో లోకపాల్, రాష్ట్రాల్లో లోకాయుక్త ఉండాలని చెప్పింది. మన ఉమ్మడి రాష్ట్రంలో లోకాయుక్త చట్టం 1983లో వచ్చింది. లోకపాల్ చట్టానికి మాత్రం 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

లోకాయుక్త చూసేది ప్రభుత్వ అధికారుల అవినీతీ, అధికార దుర్వినియోగమూ. నీ బిల్లులాంటివి వేరే గూటివి. బ్యాంకుకో అంబుడ్స్‌మన్, బీమాకో అంబుడ్స్‌మన్, కరెంటుకో అంబుడ్స్‌మన్. కరెంటు సంగతి లచ్చన్నకి తెలుసు. లచ్చన్నా, ఉన్నావా?

లైన్‌మ్యాన్_లచ్చన్న | 10 సెప్టెంబరు, రాత్రి 8:37

ఉన్న ఉన్న. డ్యూటీ లేకున్నా స్తంభం జూస్తె కాళ్లు గుంజుతయి గని, నిరుడే రిటైరైన.

బాలు తమ్మీ, తాళం ఉన్న ఇంట్ల రీడింగ్ దొర్కకపోతె సగటు తీసి బిల్లు కొడతరు, అది వేరే. నీది మీటరు స్లో అంటున్నరు, అంటె టెస్టు చేసిన కాయితం ఉండాలె. అది అడుగు. నీ ముంగట టెస్టు చేసిండ్రా, నీ సంతకం తీస్కున్నరా? ఇయ్యకపోతె అదే నీ మొదటి పాయింటు.

దారి ఎట్లుంటదంటె, ముందు 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు రాస్కో. ఆఫీసుల అర్జీ ఇచ్చి ముద్ర ఏయించుకో. అక్కడ పని కాకపోతె వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటది, సీజీఆర్ఎఫ్ అంటం. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ల రాసుంది, ప్రతి డిస్కం, అంటె కరెంటు పంచే కంపెనీ, అది పెట్టాలె. ఆడ తీర్పు నచ్చకపోతె విద్యుత్ అంబుడ్స్‌మన్. ఆయనను పెట్టేది డిస్కం కాదు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. అందుకే కింద ఓడినోళ్లు పైకి పోయి గెలుస్తరు అప్పుడప్పుడు. వకీలు అక్కర్లేదు. నేను డ్యూటీల ఉన్నప్పుడు మా సారు తోటి వేదిక కాడికి పోయిన. ఒక ముసలామె పదేండ్ల బిల్లులు చీరె కొంగుల మూట కట్టుకొచ్చి బల్ల మీద పరిసింది. మా సారు తాన లెడ్జరు ప్రింటొక్కటే ఉండె. ఎవరు గెలిచిండ్రో చెప్పాల్నా?

ఒక్క మాట. కరెంటు దొంగతనం, అక్రమ వాడకం అని కేసు రాస్తె ఈ దారి పనిచెయ్యదు. నీ నోటీసుల 126 సెక్షనో, 135 సెక్షనో రాసుందా చూస్కో.

నల్లకోటు | 10 సెప్టెంబరు, రాత్రి 9:14

బాలు గారూ, అదే చట్టంలో 56(2) కూడా చదవండి. కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటిన బాకీని, బిల్లుల్లో వరసగా చూపిస్తూ రాకపోతే, కరెంటు కోసేస్తామని బెదిరించి వసూలు చేయకూడదు. పొరపాటున తక్కువ వేసిన బిల్లుకి తర్వాత అదనపు బిల్లు పంపడం తప్పు కాదనీ, కనెక్షన్ మాత్రం తీయకూడదనీ 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ 23,870లో ఏ నెలది ఎంతో విడగొట్టి ఇమ్మని రాయండి.

డల్లాస్_డాబా | 11 సెప్టెంబరు, ఉదయం 7:55

పిన్నిగారూ, అమ్మ నెల్లూరులో ఒక్కతే ఉంటుంది. తన బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజరమ్మాయి "ఆంటీ, మంచి ఎఫ్‌డీ" అని ఆరు లక్షలు కట్టించుకుంది. ఇంటికొచ్చిన కవరు మొన్న వీడియో కాల్‌లో చూపించమంటే అది పదేళ్ల యూలిప్, మార్కెట్‌తో ముడిపడ్డ బీమా పాలసీ! ఏటా ఆరు లక్షలు కట్టాలట. అమ్మ పెన్షనే నెలకి ముప్ఫై వేలు. నేను ఇక్కణ్ణుంచి ఫిర్యాదు చేయొచ్చా?

పాలసీ_పిన్ని | 11 సెప్టెంబరు, ఉదయం 8:30

కవరు ఎప్పుడొచ్చిందమ్మా? అదొక్కటి చెప్పు ముందు. పాలసీ చేతికందిన 30 రోజుల్లోపల వద్దనుకుంటే ఫ్రీ లుక్ కింద వెనక్కిచ్చెయ్యొచ్చు, కొద్దిపాటి కోతలు పోను డబ్బు వస్తుంది. 2024 నుంచి అందరికీ 30 రోజులే.

డల్లాస్_డాబా | 11 సెప్టెంబరు, ఉదయం 8:41

కొరియర్ స్లిప్ మీద 19 ఆగస్టు!!

పాలసీ_పిన్ని | 11 సెప్టెంబరు, ఉదయం 8:44

అయితే ఇక్కడ టైపు చేస్తూ కూర్చోకు. ఇవాళే అమ్మ ఈమెయిల్ నుంచి కంపెనీకి రద్దు ఉత్తరం పంపించు, రేపు అమ్మని బ్రాంచికి వెళ్లి ఒక కాపీ ఇచ్చి ముద్ర వేయించుకోమను. అంబుడ్స్‌మన్ దాకా అక్కర్లేకుండానే తేలిపోతుంది. తేలకపోతే ఫిర్యాదు అమ్మ పేరునే వెయ్యాలి, సంతకం అమ్మదే. టైపింగు నువ్వు చెయ్యి. ఆంధ్ర, తెలంగాణ, యానాం మూడింటికీ హైదరాబాద్ ఆఫీసే, లక్డీకాపూల్ ఏసీ గార్డ్స్‌లో. ఆన్‌లైన్లో కూడా వెయ్యొచ్చు, విచారణ వీడియోలో జరుగుతుంది, నెల్లూరు నుంచి ఎక్కడికీ కదలక్కర్లేదు.

చార్మినార్_చాయ్ | 11 సెప్టెంబరు, రాత్రి 9:20

బ్యాంకు ఉద్యోగిని, తిట్టకండి :) పాలసీ విషయం పిన్నిగారు చెప్పినట్టే. బ్యాంకు తప్పులకైతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ వేరే ఉన్నారు. 1995లో బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌గా మొదలైంది. తర్వాత ఫైనాన్స్ కంపెనీలకొకటి, డిజిటల్ చెల్లింపులకొకటి పెట్టారు. 2021 నవంబరు 12న మూడింటినీ కలిపేశారు. ఇప్పుడు ఏ ఊరి ఫిర్యాదైనా ఒకే పోర్టల్, కాగితం మీద రాసేవాళ్లవి చండీగఢ్‌లోని కేంద్రానికి పోతాయి. 14448కి ఫోన్ చేసి వివరాలు అడగొచ్చు. ముందు బ్యాంకుకి రాయాలి, 30 రోజులు ఆగాలి, ఇది ఇక్కడా అంతే. ఆ 2021 పథకంలో నష్టానికి 20 లక్షల దాకా, మన టైమూ తిరుగుడూ మనోవేదనకి లక్ష దాకా ఇప్పించే అధికారం పెట్టారు.

లోపలి మనిషిగా ఒకటి చెబుతా. కౌంటర్లో మీరు ఎంత అరిచినా మా మేనేజర్ టీ తాగుతూ వింటాడు. అదే ఫిర్యాదు అంబుడ్స్‌మన్ పోర్టల్ నుంచి వచ్చిందంటే ఆ రోజు మధ్యాహ్నం లంచ్ ఉండదు, రీజనల్ ఆఫీసు నుంచి గంటకో ఫోను. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే ఐదు రోజుల్లో వెనక్కి వెయ్యాలి, దాటితే రోజుకి వంద రూపాయలు మీరు అడక్కపోయినా జమ చెయ్యాలి. 2019 నుంచి ఉన్న రూలు. అప్పు తీరాక ఇంటి దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వకపోతే రోజుకి 5,000. అది 2023 డిసెంబరు నుంచి. ఈ రెండూ తెలిసి అడిగే కస్టమరు వస్తే బ్రాంచి మొత్తం లేచి నిలబడుతుంది.

చిల్లర_శ్రీను | 11 సెప్టెంబరు, రాత్రి 9:58

ఓటీపీ చెప్పి మోసపోయినోడికి కూడా ఇప్పిస్తాడా మీ అంబుడ్స్‌మన్?

చార్మినార్_చాయ్ | 11 సెప్టెంబరు, రాత్రి 10:06

చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకి తెలియజేసే దాకా పోయింది కస్టమర్‌దే. తెలియజేశాక కూడా పోతే అది బ్యాంకుది. మీ ప్రమేయం లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా బయటివాడెవడో లాగేస్తే మూడు పని దినాల్లోపు చెబితే మీకు సున్నా నష్టం. అందుకే ముందు 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్), బ్యాంకుకి ఫోన్ చెయ్యండి, ఏడవడం తర్వాత. నీకేమైనా పోయాయా భాయ్?

చిల్లర_శ్రీను | 11 సెప్టెంబరు, రాత్రి 10:09

తెలిసినవాళ్లకి.

గోదారి_గట్టు | 14 సెప్టెంబరు, రాత్రి 11:30

పిన్నిగారూ, జీఆర్వోకి మెయిల్ పెట్టేశాను. శనివారం భీమవరం వెళ్లాను. "పది" సంగతి తేలింది! ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు నాన్న మాట్లాడే స్థితిలో లేరు. డ్యూటీ డాక్టరు కుర్రాడు అమ్మని అడిగాడట, బీపీ ఉందా అని. అమ్మ, "పదేళ్ల కిందట ఓసారి తల తిరిగితే బీపీ చూశారండీ, ఏం లేదన్నారు" అంది. ఆ కుర్రాడు రాసుకున్నది "10 ఇయర్స్" ఒక్కటే.

ఇంకోటి. మా ఇంట్లో వంటగది తలుపు వెనకాల ఒక ఇనప ఊచ ఉంటుంది, రేషన్ రశీదులూ గ్యాస్ బిల్లులూ మందుల చీటీలూ అన్నీ దానికే గుచ్చుతారు నాన్న. అమ్మ ఎప్పుడూ విసుక్కుంటుంది, చెత్త అని. ఆ ఊచకి కింద నుంచి మూడో అంగుళంలో దొరికింది, 2022 మే నెల చీటీ. మా ఊరి డాక్టరు గారు మొదటిసారి బీపీ బిళ్ల రాసింది. "న్యూలీ డిటెక్టెడ్" అని ఆయన చేత్తోనే ఉంది. మధ్యలో ఊచ దిగిన చిల్లు.

పాలసీ_పిన్ని | 15 సెప్టెంబరు, ఉదయం 5:58

ఆ చిల్లు చీటీ లామినేషన్ చేయించకు, ఉన్నదున్నట్టు స్కాన్ తియ్యి. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. పని ఇంకా ఉంది. ఆస్పత్రికెళ్లి చికిత్స చేసిన పెద్ద డాక్టరు చేత, చేర్చుకున్నప్పుడు పక్కవాళ్లు చెప్పింది పొరపాటుగా నమోదైంది అని లెటర్ హెడ్ మీద రాయించు. కేస్ షీటు మొత్తం కాపీ అడుగు, డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే కాదు. ఇవ్వాల్సిందే వాళ్లు.

ఇక్కడ రెండు సంగతులు కలిపెయ్యకూడదు. ముందునుంచీ ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ ఒకటి. అది ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు, నీ పాలసీకి నాలుగేళ్లు దాటాయి కాబట్టి దాని గొడవ నీకు లేకపోవచ్చు, పాలసీలో ఎన్ని నెలలని రాసుందో చూసుకో. జబ్బు చెప్పకుండా దాచడం ఇంకొకటి. దాని మీద వాళ్లు 60 నెలల దాకా పట్టుకోవచ్చు. వరసగా 60 నెలలు పాలసీ నడిస్తే, మోసం రుజువు చేస్తే తప్ప ఆ పేరుతో క్లెయిమ్ కాదనకూడదు. నీ లెక్క చూశాను, మార్చి 2021 నుంచి ఆగస్టు 2025కి 53 నెలలు. ఏడు నెలలు తక్కువ. అందుకే నీకు ఆ గొడుగు లేదు, చీటీయే దిక్కు.

నల్లకోటు | 15 సెప్టెంబరు, ఉదయం 9:30

దాచారని చెప్పేవాడే రుజువు చేయాలి. "2021కి ముందు చికిత్స తీసుకున్నట్టు మీ దగ్గర ఒక్క కాగితమైనా ఉందా?" ఈ ఒక్క ప్రశ్న ఫిర్యాదులో మొదటి పేరాలోనే వేయండి. మిగతా బాధంతా రెండో పేజీలోకి నెట్టండి. రెండో పేజీ లేకపోతే ఇంకా మంచిది.

డల్లాస్_డాబా | 6 అక్టోబరు, ఉదయం 6:12

పిన్నిగారూ, అమ్మ డబ్బు వచ్చేసింది!! స్టాంపు డ్యూటీ, అదీ ఇదీ కలిపి కొంచెం పట్టుకున్నారు. ఆ అమ్మాయి ఇంటికొచ్చి ఏడ్చిందట, టార్గెట్ పోయిందని. అమ్మ కాఫీ ఇచ్చి పంపింది. ఏమనాలో తెలీట్లేదు.

గోదారి_గట్టు | 21 అక్టోబరు, రాత్రి 10:50

అప్‌డేట్. జీఆర్వో జవాబు పదమూడో రోజున వచ్చింది. పాత ఉత్తరంలోని వాక్యాలే, తేదీ మార్చి. నిన్న అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో వేశాను. ఒక్క పేజీ, లాయరు గారి ప్రశ్నతో మొదలుపెట్టాను. జత చేసినవి: పాలసీ, తిరస్కరణ ఉత్తరం, జీఆర్వో మెయిళ్లు, కేస్ షీటు, పెద్ద డాక్టరు గారి లెటరు (దీనికోసం ఆస్పత్రి చుట్టూ ఐదుసార్లు తిరిగాను, అది వేరే రామాయణం), ఊచ చీటీ.

పాలసీ_పిన్ని | 22 అక్టోబరు, ఉదయం 6:05

తర్వాత వాళ్లు అనెగ్జర్ సిక్స్-ఏ అని ఒక ఫారం పంపుతారు, నాన్నగారి సంతకంతో తిప్పి పంపాలి. చాలామంది అది చూసుకోక ఆపేసుకుంటారు, స్పామ్ ఫోల్డరు కూడా చూస్తుండు. కంపెనీ వాళ్లు తమ వాదన సెల్ఫ్ కంటైన్డ్ నోట్ అని ఒకటి పంపుతారు. దాని కాపీ నీకూ రావాలి, రాకపోతే అడుగు.

బాలు_బైక్ | 12 నవంబరు, సాయంత్రం 6:40

లచ్చన్నా, టెస్టు కాయితం అడిగితె ఇయ్యలే. వేదికల వేసిన. మొదటి తారీకు వచ్చింది, పోయిన. వాళ్ల సారు రాలే. ఇంకో తారీకు ఇచ్చిండ్రు.

లైన్‌మ్యాన్_లచ్చన్న | 12 నవంబరు, రాత్రి 8:15

రాలేదు అని రికార్డుల రాయించినవా? లేకుంటె వచ్చే తారీకు నాడు రాయించు. మామూలుగ వచ్చే నెల బిల్లు మాత్రం కట్టుకుంట పో, అది ఆపకు.

గోదారి_గట్టు | 30 డిసెంబరు, మధ్యాహ్నం 3:25

ఇవాళ పొద్దున విచారణ అయింది. వీడియోలో. నాన్న తొమ్మిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని ఫోన్ ముందు కూర్చున్నారు, పదకొండున్నరకి పిలిస్తే. ఫోన్ని పప్పు డబ్బాకి ఆనించాం.

మొత్తం పావుగంట కూడా లేదు. కంపెనీ తరఫు ఆవిడ నోట్ చదివింది. అంబుడ్స్‌మన్ గారు నాన్నని తెలుగులోనే అడిగారు, బీపీ ఉందని మీకు మొదట ఎప్పుడు తెలిసింది అని. నాన్న "ఎండాకాలం అండి, మామిడికాయ పచ్చడి పెట్టే రోజులు, ఉప్పు తగ్గించమన్నారని మా ఆవిడ ఆ ఏడు పచ్చడి సగమే పెట్టింది" అన్నారు. నేను తల పట్టుకున్నాను. ఆయన మాత్రం నవ్వి, మేలో కదా అని చీటీ తేదీ చూసుకున్నారు. తర్వాత ఆవిడ్ని అడిగారు, 2021కి ముందు వైద్యం చేయించుకున్నట్టు మీ పరిశోధకుడికి ఏ ఆస్పత్రిలోనైనా కాగితం దొరికిందా అని. ఆవిడ డిశ్చార్జ్ సమ్మరీ గురించే మళ్లీ చెప్పింది. "అది కాకుండా?" అన్నారు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

చిల్లర_శ్రీను | 30 డిసెంబరు, మధ్యాహ్నం 3:40

పచ్చడి సాక్ష్యం. లాయరు గారూ, ఏ సెక్షన్?

గోదారి_గట్టు | 23 జనవరి 2026, రాత్రి 9:02

అవార్డు వచ్చింది. 3,52,180 వడ్డీతో కలిపి ఇవ్వమన్నారు. మిగతా 34,220 గ్లోవ్సులూ, డిస్పోజబుళ్లూ, రిజిస్ట్రేషన్ ఛార్జీలూ, పాలసీలో రానివి అని తీసేశారు. మాకు అభ్యంతరం లేదు. నాన్న మాత్రం గ్లోవ్సులు లేకుండా స్టెంట్ ఎలా వేస్తారురా అని అడుగుతున్నారు, నా దగ్గర జవాబు లేదు.

పాలసీ_పిన్ని | 24 జనవరి, ఉదయం 6:10

సంతోషం నాయనా. అవార్డు అందాక 30 రోజుల్లో వాళ్లు కట్టాలి. దాటితే రోజుకి 5,000 చొప్పున నీకు అదనం, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన. తేదీ క్యాలెండర్లో గుర్తు పెట్టుకో. ఇంకో ముఖ్యమైన మాట, కోపంతో ఈ పాలసీ వదిలెయ్యకు. మార్చి 11కి 60 నెలలు నిండుతాయి, గొడుగు అప్పుడొస్తుంది. రెన్యువల్ ఒక్కరోజు కూడా దాటనివ్వకు.

గోదారి_గట్టు | 19 ఫిబ్రవరి, రాత్రి 8:47

డబ్బు పడింది, ఇరవయ్యారో రోజున. రెన్యువల్ నోటీసు కూడా అదే వారంలో వచ్చింది, ప్రీమియం బాగా పెంచారు, అయినా కట్టేశాను. రశీదు ప్రింటు తీసి పంపమన్నారు నాన్న. ఊచకి గుచ్చాలట.

బాలు_బైక్ | 20 ఫిబ్రవరి, ఉదయం 10:22

మంచిగైంది అన్నా. నాది వేదికల సగమే తీసిండ్రు, 23,870ల 11 వేలు కట్టాలంటున్నరు. టెస్టు కాయితం ఇప్పటిదాంక చూపియ్యలే. లచ్చన్నా, విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు రాసే ఫారం ఎట్లుంటది, జర చెప్పు.